బకెట్టుకు ముందు అరగంట

8, సోమవారం

భూకంపం వచ్చి ఎనిమిది రోజులు. ఈ నోటుపుస్తకం మా ఆఫీసు డ్రాయింగు సెక్షను బీరువాలో దొరికింది. మొదటి నాలుగు పేజీల్లో ఎవరో పెన్సిళ్ళ లెక్క రాసి ఉన్నారు. చింపేశాను.

పొద్దున చీఫ్ ఇంజనీరు పిలిచారు. ఫీల్డు ఇంజనీరుకి తుంటి ఎముక విరిగింది, మూడు నెలలు మంచం దిగడు. కింది పేటలో శిథిలాలు తీయించే పని నన్ను చూడమన్నారు.

"మీకు ఆ పేట గీత గీతా తెలుసు కదమ్మా" అన్నారు.

గీతలు తెలుసు. ఆ పేట డ్రాయింగులు పద్దెనిమిదేళ్ళుగా గీస్తున్నది నేనే. ఆ వీధుల్లో నడిచింది మాత్రం మా ఇంటి నుంచి బస్టాపు దాకా, అంతే.

పని ఇదీ. పేట వెనక పెద్ద కాలువ. దాని రెండు గట్ల మీదా తొంభై ఆరు ఇళ్ళు. అన్నీ కాలువలోకే కూలాయి. ఇరవై ఒకటో తేదీన పెద్ద వాన అంటున్నారు వాతావరణం వాళ్ళు. కాలువ మూసుకుపోయి ఉంటే ఆ నీళ్ళకి దారి ఒక్కటే, ఆటల మైదానం. అక్కడ నాలుగు వందల పన్నెండు కుటుంబాలు గుడారాల్లో ఉన్నాయి. ఇరవై సాయంత్రానికి కాలువ తెరుచుకోకపోతే వాళ్ళందరినీ బస్సులెక్కించి నలభై కిలోమీటర్ల అవతల గోదాముల్లో పెడతారట. ఎన్నాళ్ళు అని అడిగాను. చీఫ్ కిటికీలోంచి బయటికి చూశారు. నాకు అర్థమయింది. ఇక్కడి పనులు, పిల్లల బడులు వదిలి ఒకసారి అక్కడికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఇక్కడ తేలరు.

రేపటి నుంచి లెక్కేస్తే పన్నెండు రోజులు. తొంభై ఆరు ఇళ్ళు. రోజుకి ఎనిమిది. మా ఇల్లు కూడా ఆ తొంభై ఆరులో ఒకటి. దాని సంగతి తర్వాత.

మేం ఎగువన మా ఆడపడుచు ఇంట్లో ఉంటున్నాం. రెండు గదులు, ఏడుగురం. ఈయన, అత్తయ్య, అమ్మాయి అందరూ నిద్రపోయారు. నాకు భయమేమీ లేదు.

9, మంగళవారం

రాయకూడదనుకున్నాను. రాస్తాను.

శిథిలాలెత్తే పెద్ద పొక్లెయిన్‌ను మా ఇంటి సందులోకి పంపాను. డ్రాయింగులో ఆ సందు పద్నాలుగు అడుగులు. మిషను పదకొండు. వెళ్ళాలి మరి. సగం వెళ్ళి ఇరుక్కుంది. ప్రతి ఇంటివాళ్ళూ ఒక మెట్టో ఒక నీళ్ళ తొట్టో కాస్త కాస్త ముందుకి జరిపి కట్టుకున్నారు. ఇళ్ళన్నీ పడిపోయాయి గానీ ఆక్రమించి కట్టిన మెట్టు ఒక్కటీ కదల్లేదు. దాన్ని వెనక్కి లాగేసరికి సాయంత్రమయింది. ఇవాళ ఒక్క ఇల్లూ తీయలేదు.

తట్టా పారా పట్టే నలభై మందికి పెద్ద ఒకావిడ. అందరూ మేస్త్రమ్మ అంటారు. నడుం మీద చేతులు పెట్టుకుని అంతా చూసి, "ఈ సందు కాగితం మీదే లావండీ, మేడంగారూ. ఒంటి మీద కండ లేదు" అంది. నలభై మందీ నవ్వారు. మధ్యాహ్నానికల్లా నా పేరు కాగితం మేడం అయింది.

మా ఇంటి మెట్టు కూడా రెండడుగులు ముందుకే ఉండేది. రోజూ దాని మీద కూర్చునే చెప్పులు వేసుకునేదాన్ని. ఆ రెండడుగులూ నా డ్రాయింగులో ఎప్పుడూ లేవు.

10, బుధవారం

మూడు ఇళ్ళు. కావలసింది ఎనిమిది.

11, గురువారం

ఇవాళా మూడే. కారణం తెలిసింది. మిషను తక్కువై కాదు, మనుషులు తక్కువై కాదు. ఇంటివాళ్ళు ఆపుతున్నారు. మిషను బకెట్టు లోపలికి దిగగానే ఏదో ఒకటి కనిపిస్తుంది. చీర కొంగు, డబ్బా మూత, ఫోటో ఫ్రేము మూల. "ఆపండి ఆపండి" అని అడ్డం పడతారు. ఇంజన్ ఆపాలి, మనిషి దిగాలి, వెతకాలి, మళ్ళీ ఎక్కాలి. అయిదు నిమిషాలకి మళ్ళీ ఇంకొకటి.

ముప్పై ఒకటో నంబరు ఇంటావిడయితే పదకొండు సార్లు ఆపింది. చదువుకున్న మనిషే. కుక్కరు మూతకి ఒకసారి, కుర్చీ కాలికి ఒకసారి, పిడి ఊడిన బకెట్టుకి ఒకసారి. ఒక్క ఇంటికి పూట మొత్తం పోయింది. పోయిన పూట ఎవరు తెచ్చిస్తారు? ఇలాంటి మనుషులతో ఎలా వేగాలి?

12, శుక్రవారం

నిన్న రాసింది నిజం కాదు. నిజమే గానీ, ఆ ఇంటావిడను నేనే.

నిన్న ముందుగా మా ఇల్లు తీయిద్దామనుకున్నాను. ఎవరితోనూ పేచీ ఉండదు, ఒప్పుకోలు సంతకం నాదే, గంటన్నరలో అయిపోతుంది, మిగతావాళ్ళకి దారి చూపినట్టూ ఉంటుంది అని. ఇంట్లో చెప్పలేదు. చెబితే అందరూ వస్తారు, ఏడుస్తారు, ఆలస్యమవుతుంది. ఇవన్నీ బాగా ఆలోచించే చేశాను.

చిన్న మిషను నడిపే ఆయనని అందరూ బాబాయి అంటారు. అరవై దాటినట్టున్నారు. మాట తక్కువ. బకెట్టు మా వంటింటి గోడని పైకెత్తింది. నా నోట్లోంచి "ఆపండి" అని వచ్చింది. నేనే అన్నానని రెండోసారి అన్నప్పుడు గానీ తెలియలేదు. దేనికోసం ఆపానో ఇప్పటికీ తెలియదు. మూత, కుర్చీ కాలు, బకెట్టు. అమ్మాయి జామెట్రీ బాక్సు దొరికింది, అందులో వృత్తలేఖిని వంగిపోయి ఉంది. దాన్ని బాగు చేయడానికి పది నిమిషాలు అక్కడే కూర్చున్నాను. మిషను ఆగి ఉంది, వెనక టిప్పర్లు ఆగి ఉన్నాయి.

పదకొండోసారి బాబాయి ఇంజన్ ఆపి తాళం తీసి జేబులో వేసుకున్నారు. దిగి వచ్చి నా పక్కన రాయి మీద కూర్చున్నారు.

"మీరు ముందు చేత్తో చూసుకోండి మేడం. కళ్ళారా చూసుకుంటే మనసు ఊరుకుంటుంది. నేనో అరగంట టీ తాగొస్తా."

అరగంట చూసుకున్నాను. పెద్దగా ఏం దొరకలేదు. ఆ తర్వాత ఆయన గంటలో ఇల్లంతా ఎత్తేశారు. నేను ఒక్కసారీ ఆపలేదు.

ఇవాళ కూడా మూడే ఇళ్ళు. కానీ రోజంతా ఆ తాళం జేబులోకి వెళ్ళిన చప్పుడే చెవుల్లో ఉంది.

13, శనివారం

తొమ్మిది!

పొద్దున ఆరింటికి బాబాయినీ మేస్త్రమ్మనీ కూర్చోబెట్టుకుని చెప్పాను. ప్రతి ఇంటికీ బకెట్టు దిగేముందు అరగంట. ఇంటివాళ్ళు, వాళ్ళతో మేస్త్రమ్మ మనుషులు నలుగురు. వేలాడే గోడలుంటే ముందు వాళ్ళే దింపేస్తారు. తర్వాత చేత్తో వెతుక్కోవాలి. అరగంట కాగానే ఇంటివాళ్ళు నాకు చెయ్యూపాలి. ఆ తర్వాత ఎవరూ మిషను ఆపకూడదు.

అంతా విని బాబాయి, "నేను అయిదో ఇంట్లో ఉండగా ఆరో ఇంటివాళ్ళు వెతుక్కోవచ్చుగా?" అన్నారు. అంతే. అదే అసలు కిటుకు. అప్పుడు మిషనుకి ఒక్క నిమిషం కూడా ఖాళీ ఉండదు. ఇంత చదివి నాకు తట్టలేదు.

ఎవరి వంతు ఎప్పుడో పెద్ద కాగితం మీద రాసి మైదానం గేటుకి అంటించాను. "కాగితం మేడం కాగితం అంటించింది" అని మేస్త్రమ్మ అరిచి చెప్పింది. కానీ అందరూ వేళకి వచ్చారు.

ఏం తీసుకెళ్ళారో రాసి పెట్టుకోవాలనిపిస్తోంది. ఒకాయన ఒక్క చెప్పు తీసుకెళ్ళాడు, రెండోది మైదానంలో ఉందట. ఒకావిడ తలుపు గొళ్ళెం మాత్రం ఊడదీసుకుంది. ఒక జంట అరగంటా పోట్లాడుకుని ఉత్త చేతులతో వెళ్ళిపోయింది, అయినా ఇద్దరి మొహాలూ తేటగా ఉన్నాయి. ఒక ముసలాయన ఏమీ వెతకలేదు, వంటిల్లు ఉండే చోట గొంతుక్కూర్చుని ఉండి, టైం కాగానే లేచి చెయ్యూపాడు.

14, ఆదివారం

పది ఇళ్ళు. మొత్తం ఇరవై ఎనిమిది. మధ్యాహ్నం చీఫ్ వచ్చారు.

అరగంట సంగతి ఎవరో చెప్పినట్టున్నారు. కాలిక్యులేటరు తీశారు. మిగిలినవి అరవై ఎనిమిది ఇళ్ళు, ఇంటికి అరగంట, ముప్పై నాలుగు గంటలు, అంటే నాలుగు పనిరోజులు. "మనకున్నవి ఆరు. అందులో నాలుగు జనం చిల్లపెంకులు ఏరుకోవడానికి ఇచ్చేస్తారా? రేపటి నుంచి ఇది వద్దు."

ఆ అరగంటలు మిషనుతో పాటే నడుస్తున్నాయి, దానికి అదనంగా కాదు. ఒక్క వాక్యం. చెప్పలేకపోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు ఇక్కడ రాసుకుంటున్నాను. సరే సార్ అన్నాను. నిజం చెప్పాలంటే కాస్త హాయిగా కూడా అనిపించింది. పెద్దవాళ్ళు చెప్పారు, ఇక నా బాధ్యత కాదు.

మేస్త్రమ్మ నా వైపు చూసి చీపురు నేలకేసి రెండుసార్లు కొట్టి వెళ్ళిపోయింది.

15, సోమవారం

మూడు.

ముప్పయ్యో నంబరు దర్జీ బకెట్టులోకి ఎక్కి కూర్చున్నాడు. నా కుట్టు మిషను చూపించి ఆ తర్వాత నన్నూ ఎత్తుకుపోండి అన్నాడు. దింపడానికి రెండు గంటలు. కుట్టు మిషను దొరికింది, చక్రం లేదు. దాన్ని భుజాన పెట్టుకుని నా ముందు నుంచి వెళ్ళాడు. 

సాయంత్రం భోజనాల దగ్గర అమ్మాయి చెప్పేసింది. బళ్ళో ఎవరో అన్నారట, మీ ఇల్లు గురువారమే ఎత్తేశారు కదా అని. ఈయన తినడం ఆపి నా వైపు చూశారు. నేను చెప్పబోయాను. ఆలస్యమవుతుందని, పేట పని అని, ముందు మనది తీస్తే నలుగురికీ...

అత్తయ్య చెయ్యి కడుక్కుని వచ్చి మెల్లిగా అన్నారు.

"ఊరందరికీ అరగంట ఇచ్చావటమ్మా. నాకు అర నిమిషం లేకపోయింది."

ముప్పై ఏళ్ళు ఉన్నారు ఆ ఇంట్లో. మామయ్యగారు పోయింది ఆ ముందు గదిలోనే. నేను అక్కడ కుక్కరు మూతకోసం మిషను ఆపాను. ఆవిడని పిలవలేదు.

ఈయన వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నారు. అమ్మాయికి జామెట్రీ బాక్సు ఇచ్చాను. తీసుకుంది. తెరవలేదు.

16, మంగళవారం

ఎనిమిదింటికే చీఫ్ గది ముందు నిలబడ్డాను. ఒక కాగితం మీద రోజువారీ ఇళ్ళ సంఖ్య రాసుకెళ్ళాను. మూడు, మూడు, మూడు, తొమ్మిది, పది, మూడు. బల్ల మీద పెట్టాను.

"తొమ్మిదీ పదీ అరగంట ఇచ్చిన రోజులు సార్. ఇవ్వని రోజు ఎప్పుడూ మూడు దాటలేదు. ఒక ఇంటి దగ్గర మిషను పనిచేస్తుంటే పక్కింటివాళ్ళు వెతుక్కుంటారు. మిషను ఆగదు. ఇవ్వకపోతేనే ఆగుతుంది."

ఆయన కాగితం చూశారు. ఇది మొన్నే ఎందుకు చెప్పలేదన్నారు. అడిగిన మాట న్యాయమే.

"మొన్న నోరు రాలేదు సార్. నిన్న మా అత్తగారు తెప్పించారు."

ఆయనకి అర్థం కాలేదు. కానివ్వండి, ఇరవై సాయంత్రం ఆరింటికి కాలువ తెరుచుకోకపోతే జవాబుదారీ మీదే, బస్సులు మాత్రం వస్తాయి అన్నారు. సరే అన్నాను. ఈసారి హాయిగా అనిపించలేదు. అయినా సరే అన్నాను.

ఎనిమిది ఇళ్ళు. మొదలుపెట్టిందే పదిన్నరకి.

పదకొండింటికి అత్తయ్య వచ్చారు. ఆడపడుచు గొడుగు, మామయ్యగారి చేతి గడియారం. నన్ను చూడకుండా మేస్త్రమ్మ దగ్గరికి వెళ్ళి, "ఈ అరగంట ఎవరు చూస్తున్నారు?" అని అడిగారు. ఎవరికి వాళ్ళే అంది మేస్త్రమ్మ. "ఎవరికి వాళ్ళే అయితే ఒకరికి గంటవుతుంది, ఒకరికి పది నిమిషాలవుతుంది" అని, గొడుగు తెరిచి, ముప్పై ఆరో నంబరు ముందు నిలబడి గడియారం చూడడం మొదలుపెట్టారు.

సాయంత్రం దాకా అలా ఇంటింటికీ జరుగుతూ వెళ్ళారు. దగ్గరికి వెళ్ళి మంచినీళ్ళు ఇచ్చాను. తాగారు.

"మీ చీఫ్‌కి అరగంటంటే ముప్పై నిమిషాలేమో. నా దగ్గర ముప్పై అయిదు. ఆ అయిదూ కూర్చోవడానికి" అన్నారు.

17, బుధవారం

పద్నాలుగు.

కొత్త సంగతి. తమ అరగంట అయిపోయినవాళ్ళు వెళ్ళిపోవడం లేదు. పక్కింటివాళ్ళకి వెతికిపెడుతున్నారు. అక్కడి నుంచి తట్టలందుకుంటున్నారు. నేను ఎవరినీ అడగలేదు. దర్జీ కూడా వచ్చాడు. నేను ఆయన వైపు చూడలేకపోతే ఆయనే అన్నాడు, చక్రం లేకపోయినా చేత్తో తిప్పితే కుట్టు పడుతోందట. మంచిది అన్నాను.

మేస్త్రమ్మ అత్తయ్యతో పోట్లాడింది. ముప్పై అయిదు కాదు, ముప్పై ఎనిమిది ఇచ్చారని. నా గడియారం నాకు తెలుసు అన్నారు అత్తయ్య. ఆనక ఇద్దరూ ఒకే గిన్నెలోంచి తిన్నారు.

18, గురువారం

పదిహేడు! మొత్తం డెబ్బై. రాయడానికి ఓపిక లేదు. పదిహేడు.

19, శుక్రవారం

పదిహేను. మిగిలినవి పదకొండు, చివరి మలుపులో. అక్కడ మూడంతస్తుల ఇంటి స్లాబు కాలువకి అడ్డంగా మూతలా పడి ఉంది. కింద ఎంత మట్టి ఉందో తెలియదు. బాబాయి దాని మీద అటూ ఇటూ నడిచి చూసి, "పెద్దదే" అన్నారు. ఆయన ఒక మాట అన్నారంటే పది మాటల పెట్టు.

మైదానం మీదుగా వచ్చాను. ఆడవాళ్ళు మూటలు కడుతున్నారు. రేపు బస్సులొస్తాయని చెప్పారట. వచ్చినా ఎక్కనక్కర్లేదు అందామనుకున్నాను. అంత నమ్మకంగా ఎలా అంటాను? ఒకావిడ, "కట్టమంటావా, ఆగమంటావా అమ్మా?" అని సూటిగా అడిగింది. కట్టి ఉంచండి అన్నాను. అలా అన్నందుకు ఇంటికొచ్చే దారంతా నన్ను నేను తిట్టుకున్నాను.

20, శనివారం

ఒళ్ళంతా బురద. ముందు రాసేసి ఆ తర్వాతే స్నానం. వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి ఇది జరిగిందని నాకే నమ్మకం కుదరదు.

పది ఇళ్ళు మధ్యాహ్నం ఒంటిగంటకి అయిపోయాయి. స్లాబు ఉన్న ఇంటివాళ్ళకి అత్తయ్య నలభై నిమిషాలిచ్చారు. నేను నోరెత్తలేదు. వాళ్ళు తొందరగానే చెయ్యూపారు.

మూడింటికి బస్సులొచ్చాయి. ముప్పై రెండు. మైదానం పక్కన బారు తీరాయి. చీఫ్ కూడా వచ్చి గట్టు మీద నిలబడ్డారు.

స్లాబు ముక్కలవలేదు. కొట్టిన సుత్తులు ఎగిరి వెనక్కి వచ్చాయి. లోపలి ఇనుము పట్టుకుని ఉంది. మైదానంలో వెల్డింగు పనివాళ్ళిద్దరున్నారట, నాకు తెలియదు, మేస్త్రమ్మకి తెలుసు. వాళ్ళు మోకాలు లోతు మురుగులో నిలబడి ఊచలు కోశారు. నాలుగున్నరకి గొలుసులు కట్టాం. రెండు మిషన్లు కలిసి లాగాయి. కదల్లేదు. మళ్ళీ లాగాయి. ఒక గొలుసు తెగి గాల్లో లేచింది. ఎవరికీ తగల్లేదు. ఎవరికీ తగల్లేదు.

అయిదు దాటింది. చీఫ్ గడియారం చూసుకున్నారు. అప్పుడు బాబాయి దిగి వచ్చి, "పైనుంచి లాగుతున్నాం మేడం. కింద మట్టి పట్టుకుని ఉంది. ముందు చేత్తో తీయాలి" అన్నారు.

నేను గట్టెక్కి మైదానం వైపు తిరిగి అరిచాను. నా గొంతు అంత దూరం పోతుందని నాకు తెలియదు. "తట్టలు తీసుకుని రండి" అన్నాను, అంతే. వచ్చారు. పిల్లల్ని ముసలివాళ్ళకి అప్పజెప్పి వచ్చారు. గొళ్ళెం ఆవిడ, ఒక్క చెప్పు ఆయన, పోట్లాడుకున్న జంట, దర్జీ, ఎగువ నుంచి వచ్చిన ఈయన, మా అమ్మాయి. గట్టు నుంచి స్లాబు కింది దాకా రెండు వరసలు. తట్ట వెళ్తోంది, తట్ట వస్తోంది. బస్సు డ్రైవర్లు కాసేపు చూసి, చొక్కాలు విప్పి, వాళ్ళూ వరసలో చేరారు. నేను కూడా ఒక వరసలో ఉన్నాను. నా ముందు చీఫ్ ఉన్నారు. ఎప్పుడు దిగారో చూడలేదు. తట్ట అందించేటప్పుడు "ఇటివ్వండి, ఇటివ్వండి" అంటున్నారు, అందరితో పాటే.

అయిదూ నలభైకి బాబాయి చెయ్యెత్తారు. అందరం పైకి వచ్చేశాం. మిషన్లు లాగాయి. ముందు ఒక చప్పుడు, పెద్ద తలుపు తెరిచినట్టు. స్లాబు పక్కకి ఒరిగింది. దాని వెనక ఇరవై రోజులుగా నిలిచిన నల్లటి నీళ్ళు ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, కదిలాయి. ఆ తర్వాత పరుగెత్తాయి.

కంపు. అలాంటి కంపు నేను పుట్టి ఎరగను. అందరూ ముక్కులు మూసుకుని కేకలు పెడుతున్నారు. "ఇంత కంపు ఇంత బాగుంటుందని ఎవరైనా చెప్పారా?" అంది మేస్త్రమ్మ, నా భుజం మీద చరిచి. ఇవాళ ఆవిడ నన్ను కాగితం మేడం అనలేదు. "ఏమమ్మా ఇంజనీరూ" అంది.

ఇదంతా నా వల్ల జరిగిందా? బాబాయి వల్ల, మేస్త్రమ్మ వల్ల, అత్తయ్య వల్ల, ఆ తట్టల వల్ల. ఎప్పటిలా ఇక్కడ ఆపేద్దామనుకున్నాను. ఆపను. నా వల్ల కూడా.

దారిలో అత్తయ్య నా చెయ్యి పట్టుకుని నడిచారు. బురదలో జారుతుందని అన్నారు. ఎగువకి వచ్చాక బురద లేదు. వదల్లేదు.

21, ఆదివారం

తెల్లవారుజామున నాలుగింటికి వాన. ఇంటి కప్పు మీద ఆ మోత వినగానే లేచి కూర్చున్నాను. ఈయన కూడా లేచారు. ఇద్దరం గొడుగు తీసుకుని బయల్దేరాం. వీధి చివర చూస్తే మా వెనకే అమ్మాయి, దాని భుజం పట్టుకుని అత్తయ్య.

మేం మొదటివాళ్ళం కాదు. కాలువ గట్టు పొడవునా జనం. గొడుగులు, గోనెసంచులు, ప్లాస్టిక్ షీట్లు నెత్తిన వేసుకుని, పండక్కి వచ్చినట్టు నిలబడి ఒక మురుగు కాలువని చూస్తున్నారు. నీళ్ళు గట్టుకి రెండడుగుల కింద దాకా వచ్చాయి. ఇంకో అడుగు పెరిగాయి. అక్కడే ఆగాయి. గంటసేపు అదే మట్టం మీద, గోధుమరంగులో, కొమ్మలూ కాగితాలూ మోసుకుంటూ మలుపు తిరిగి వెళ్ళిపోయాయి. బాబాయి ఒక కర్ర గుచ్చి తడి గీత చూస్తున్నారు. ఏడింటికి కర్ర పైకి లాగి నాకు చూపించారు. తగ్గుతోంది.

మైదానానికి వెళ్ళాం. చెప్పులకి బురద అంటింది, మడమ తడవలేదు. రాత్రంతా ఆగి ఉన్న ముప్పై రెండు బస్సులూ ఖాళీగా వెనక్కి తిరుగుతున్నాయి, డ్రైవర్లు హారన్లు కొట్టుకుంటూ వెళ్తున్నారు. మొన్న నన్ను అడిగిన ఆవిడ గుడారం గుమ్మంలో కూర్చుని ఉంది. మూట ముడి బిగుసుకుపోయిందట, పళ్ళతో లాగుతోంది. నన్ను చూసి ముడి నోట్లోంచి తీసి నవ్వింది.

"కట్టి ఉంచమన్నావుగా. ఇప్పుడు రా, నువ్వే విప్పు."

పక్కన కూర్చుని విప్పాను.